వార్డు డ్యూటీ నుంచి కేస్ మేనేజ్‌మెంట్ దాకా: సీమలో నర్సింగ్ చదివినవాళ్లకు ఈ దారి ఎలా ఉంది?

నైట్ డ్యూటీలు లేకుండా, మంచాల మధ్య తిరిగే పని లేకుండా నర్సుకు ఉద్యోగం ఉంటుందా అని నర్సింగ్ చదివే పిల్లలూ, చదివిస్తున్న తల్లిదండ్రులూ ఈ మధ్య తరచూ అడుగుతున్నారు. దానికి జవాబుగా వినిపిస్తున్న పేరు కేస్ మేనేజ్‌మెంట్. అమెరికాలో నర్సులు కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఉద్యోగమనీ, ఆన్‌లైన్‌లో ఒక కోర్సు చేస్తే దొరికిపోతుందనీ చెప్పుకుంటున్నారు. ఇందులో సగం నిజం, సగం ఊహ. కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి బయల్దేరే పిల్లకి ఈ దారిలో ఏది ఎక్కడ ఉందో చూద్దాం.

క్లుప్తంగా

కేస్ మేనేజ్‌మెంట్ అంటే వార్డులో నేర్చుకున్నదాన్ని పేషెంటు ఇంటి దాకా తీసుకెళ్లే పని. ఆసుపత్రికి రోజుల లెక్కన కాకుండా జబ్బు లెక్కన డబ్బు కట్టే పద్ధతి వచ్చినచోట ఈ ఉద్యోగం బలపడింది. మన దగ్గర ఆరోగ్యశ్రీతో అలాంటి పద్ధతే 2007లో వచ్చినా ఆ బాధ్యత నర్సుకు పోస్టుగా రాలేదు. సీమలో పని కళ్లముందే ఉంది, ఆ పేరుతో ఉద్యోగం మాత్రం అరుదు. దగ్గరి ఉద్యోగాలు కొన్ని ఉన్నాయి, వాటికి వార్డు అనుభవమే పెట్టుబడి.

చదువు ఎక్కడ బరువవుతుంది

ఏఎన్‌ఎం (సహాయక నర్సు కోర్సు) రెండేళ్లు, జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. జీఎన్‌ఎం చేసినవాళ్లు ఇంకో రెండేళ్లు పోస్ట్ బేసిక్ చదివి బీఎస్సీ తెచ్చుకోవచ్చు. కాగితం మీద ఇంతే.

టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటర్ బైపీసీ గట్టెక్కి వచ్చిన పిల్లకి అనాటమీ, ఫిజియాలజీ ఇంగ్లీషు పుస్తకాలు ఒక్కసారిగా మీద పడతాయి. అదే సమయంలో పొద్దున్నే యూనిఫామ్ వేసుకుని వార్డుకు పోవాలి, మధ్యాహ్నం క్లాసు వినాలి, రాత్రి హాస్టల్‌లో కూర్చుని కేర్ ప్లాన్ రాయాలి, రికార్డులు పూర్తి చేయాలి. 2021లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ బీఎస్సీ సిలబస్‌ను సెమిస్టర్ పద్ధతికి మార్చడంతో ఏడాది చివర కూర్చుని ఒక్కసారిగా చదివేసే వెసులుబాటు కూడా పోయింది. థియరీ హాజరు 80 శాతం ఉంటే పరీక్షకు కూర్చోవచ్చు గానీ డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్ హాజరు 100 శాతం నిండాలి, అంటే జ్వరం వచ్చి పోయిన డ్యూటీని కూడా తర్వాత చేసి తీరాల్సిందే.

పని ఎంత సూక్ష్మంగా ఉంటుందో ఒక్క సెలైన్ బాటిల్ చాలు చెప్పడానికి. లీటరు సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కించమని డాక్టరు కేస్ షీటులో రాస్తారు. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్టయితే మొత్తం 20,000 చుక్కలు, ఎనిమిది గంటలంటే 480 నిమిషాలు, కాబట్టి నిమిషానికి దాదాపు 42 చుక్కలు. లెక్కల సబ్జెక్టు వద్దనుకుని బైపీసీ తీసుకున్న పిల్ల వాచీ చూసుకుంటూ ఆ చుక్కలు లెక్కపెట్టి రోలర్ సరిచేయాలి. పక్క మంచం మీద గుండె బలహీనంగా ఉన్న ముసలాయనకి అదే సెలైన్ వేగంగా పోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందని కూడా ఆ పిల్లకే తెలిసుండాలి. పుస్తకంలో రెండు లైన్లు, వార్డులో ఒక ప్రాణం.

ఈ కష్టమంతా ఒకే రకంది కాదు. పని నేర్పే కష్టం వేరు, ఊరికే అలసటే మిగిల్చే కష్టం వేరు. నర్సింగ్ కాలేజీకి వంద పడకల మాతృ ఆసుపత్రి ఉండాలని కౌన్సిల్ నిబంధన పెట్టింది ఇందుకే. 1956లో మొదలైన కర్నూలు మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రి లాంటి చోట పాముకాటు, పురుగుల మందు తాగిన కేసు, కష్టమైన కాన్పు, హైవే యాక్సిడెంటు, ఇవన్నీ కొద్ది వారాల్లోనే కంటపడతాయి. అనంతపురం సర్వజనాసుపత్రి, కడప రిమ్స్ కూడా అంతే, పేషెంట్లకు కొదవ ఉండదు. పడకలుండి పేషెంట్లు లేని ఆసుపత్రిలో పోస్టింగ్ చేసిన పిల్లకి ఆ నాలుగేళ్లలో నరంలోకి క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సన్నని గొట్టం) పెట్టడానికి చేయి కూడా అలవాటు కాదు, మార్కులు మాత్రం బాగానే ఉంటాయి. ఇక కాలేజీకి రాకపోయినా హాజరు వేయిస్తామని చెప్పి పొరుగు రాష్ట్రంలో చేర్పించే ఏజెంట్లు చేసే నష్టం అప్పుడే తెలియదు, మొదటి ఉద్యోగంలో బయటపడుతుంది. కాలేజీ చూడటానికి పోయినప్పుడు బిల్డింగు కన్నా ముందు ఆసుపత్రి ఓపీ క్యూ, వార్డులో నిండిన మంచాలు చూడటం మేలు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపిపెట్టుకోవడం ఇంకో చిక్కు. అవి చేతికి రాకపోతే రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఆగుతుంది, రిజిస్ట్రేషన్ లేకపోతే ఏ నోటిఫికేషన్‌కూ అప్లై చేయలేరు. చేరేటప్పుడే ఏ కాగితాలు ఎన్నాళ్లు తమ దగ్గర పెట్టుకుంటారో రాతపూర్వకంగా అడగాలి.

మొదటి రెండు మూడేళ్లు

కౌన్సిల్ నిబంధన ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు ఉండాలి. నైట్ డ్యూటీలో వార్డు మొత్తం ఒక్క సిస్టర్ చేతిలో ఉండటం చూసినవాళ్లకి ఈ లెక్క ఎంత దూరంలో ఉందో వేరే చెప్పక్కర్లేదు.

జీతాల విషయంలో 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం ఒక కమిటీ వేసింది. 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని ఆ కమిటీ సిఫార్సు చేసింది. సిఫార్సు అమలు రాష్ట్రాల చేతుల్లో పడటంతో చిన్న ఊళ్ల నర్సింగ్ హోముల్లో మార్పు కనపడదు. నర్సులు వార్డు వదిలి వేరే దారి వెతకడానికి అసలు కారణం ఇదే, పని మీద అయిష్టం కాదు.

ప్రభుత్వం వైపు ఎయిమ్స్ ఆసుపత్రుల్లో నర్సు పోస్టులకు పెట్టే నార్సెట్ పరీక్ష ఉంది. బీఎస్సీ వాళ్లు నేరుగా, జీఎన్‌ఎం వాళ్లు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవంతో రాయొచ్చు, మూల వేతనం 44,900 రూపాయల దగ్గర మొదలవుతుంది. రైల్వేలోనూ నర్సు పోస్టులుంటాయి. రాష్ట్ర ప్రభుత్వ నియామకాల్లో మార్కులతో పాటు కాంట్రాక్టు సర్వీసుకు వెయిటేజీ ఉంటుంది కాబట్టి తక్కువ జీతమని కాంట్రాక్టు పోస్టు వదులుకునే ముందు ఒకసారి ఆలోచించాలి.

అయితే ఈ రెండు మూడేళ్లలో జీతం కన్నా విలువైనది ఒకటి చేతికొస్తుంది. పేషెంటు ముఖం చూసి పరిస్థితి దిగజారుతోందని పసిగట్టడం, డాక్టరుకు రెండు వాక్యాల్లో విషయం చెప్పడం, ఏడుస్తున్న అమ్మకీ, కోపంతో ఉన్న కొడుక్కీ ఒకే మాట రెండు రకాలుగా అర్థమయ్యేలా చెప్పడం. కేస్ మేనేజర్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసేది దాదాపు ఇదే.

కేస్ మేనేజ్‌మెంట్ ఎందుకు పుట్టింది

అమెరికాలో వృద్ధుల ఆరోగ్య బీమా పథకమైన మెడికేర్ 1983కు ముందు ఆసుపత్రికి అయిన ఖర్చును బట్టి డబ్బు కట్టేది. పేషెంటు ఎన్ని రోజులుంటే ఆసుపత్రికి అంత ఆదాయం. 1983లో పద్ధతి మార్చి, జబ్బును ఒక గ్రూపులో పెట్టి, ఆ గ్రూపుకు ఒకే మొత్తం ఇవ్వడం మొదలుపెట్టారు. తుంటి ఎముక ఆపరేషన్‌కు ఇంత అని రేటు ఖాయమయ్యాక పేషెంటు నాలుగు రోజుల్లో ఇంటికెళ్తే ఆసుపత్రికి మిగులు, పది రోజులుంటే నష్టం. దాంతో ఈ పేషెంటు ఇంకా ఎందుకు మంచం మీద ఉన్నాడు, స్కాన్ ఆగిందా, ఇంట్లో చూసుకునేవాళ్లు లేరా, బీమా అనుమతి రాలేదా అని పొద్దున్నే అడిగే మనిషి అవసరమయ్యాడు. డాక్టరుకు అంత టైము లేదు, అకౌంట్స్ వాళ్లకి జబ్బు తెలియదు. రెండూ తెలిసినవాళ్లు నర్సులే.

తొందరపడి పంపేస్తే పేషెంటు మళ్లీ వచ్చి చేరతాడు కదా. ఆ బెడద పెరగడంతో 2012 అక్టోబరు నుంచి మెడికేర్ ఇంకో మెలిక పెట్టింది: గుండెపోటు, హార్ట్ ఫెయిల్యూర్, న్యుమోనియా పేషెంట్లు 30 రోజుల్లో తిరిగి చేరడం మామూలు కన్నా ఎక్కువగా ఉంటే ఆసుపత్రికి చెల్లింపులు తగ్గిస్తారు. ముందు పంపమని ఒత్తిడి, పంపినవాళ్లు తిరిగి రాకూడదని ఇంకో ఒత్తిడి. ఈ రెండింటి మధ్య కేస్ మేనేజ్‌మెంట్ గట్టి ఉద్యోగంగా నిలబడింది. పేషెంటు మేలు, ఆసుపత్రి లెక్క ఒకేచోట కలవని రోజులూ ఉంటాయి, అలాంటప్పుడు పేషెంటు పక్షాన మాట్లాడటం కూడా ఆ పనిలో భాగమే. కూర్చుని చేసే పని కదా, టెన్షన్ ఉండదు అనుకోవడం పొరపాటు.

ఆరోగ్యశ్రీతో ఇక్కడా అదే లెక్క, కానీ...

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదటి విడతగా మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఆ పథకమే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. ఇందులో కూడా ఆపరేషన్‌కు ఇంత అని ప్యాకేజీ ఖాయం, ముందస్తు అనుమతి తప్పనిసరి. అమెరికాలో కేస్ మేనేజర్‌ను నిలబెట్టిన పరిస్థితుల్లాంటివే ఇవి.

తేడా ఎక్కడంటే, ఇక్కడ ఆ మధ్య మనిషి బాధ్యత ఆసుపత్రిలో పథకం బల్ల దగ్గర కూర్చునే ఆరోగ్యమిత్రకు వెళ్లింది. రేషన్ కార్డు, ఆధార్ చూడటం, ప్రీఆథ్ (ముందస్తు అనుమతి కాగితాలు) పంపించడంలో సాయపడటం, అప్రూవల్ వచ్చిందో లేదో చెప్పడం, డిశ్చార్జి రోజు సంతకాలు. అవసరమైన పనే, ఎందరో పేదలకు ఆ బల్ల దగ్గరే ధైర్యం దొరుకుతుంది. కానీ అది ఎక్కువగా కాగితం చుట్టూ తిరిగే పని. పేషెంటు ఇంటికి పోయాక ఏమవుతుంది అన్న ప్రశ్న ఎవరి డ్యూటీలోనూ స్పష్టంగా పడలేదు.

ఒక మామూలు కేసు తీసుకోండి. ఆలూరు వైపు పల్లె నుంచి వచ్చిన రైతుకు షుగర్ పుండు ముదిరి కర్నూలులో కాలి వేలు తీసేశారు. డిశ్చార్జి కాగితం మీద రోజుకు రెండు పూటలా ఇన్సులిన్, రోజు మార్చి రోజు కట్టు, పది రోజులకు రివ్యూ అని ఉంటుంది. చికిత్సలో లోపం లేదు. ఇంట్లో ఫ్రిజ్ లేదు, ఇన్సులిన్ సీసా ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు. తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో చల్లగా ఉంచుకోవచ్చని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. సిరంజి మీద గీతలు ఆయనకి సరిగ్గా కనపడవు, పొడిచేది కోడలు, ఆ అమ్మాయి డిశ్చార్జి రోజు ఆసుపత్రికే రాలేదు. కట్టు మార్చడానికి పీహెచ్‌సీకి పోవాలంటే ఆటో కావాలి కాబట్టి ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర కట్టించుకుంటాడు. వేరుశనగ పీకే రోజులైతే పదో రోజు రివ్యూ మాట దేవుడెరుగు, చెప్పుల్లేకుండానే చేలోకి దిగుతాడు. కొన్నాళ్లకి మళ్లీ అదే వార్డు, ఈసారి పాదం. ఆపరేషన్‌కు లెక్క ఉంది, డాక్టర్లున్నారు, మందులున్నాయి, ఈ నాలుగు ప్రశ్నలు ముందే అడిగి కోడల్ని పిలిపించి ఇంజక్షన్ చేయించి చూసే మనిషి ఒక్కరు లేరు.

దూరం వల్ల ఇది ఇంకా జటిలమవుతుంది. కర్నూలు వాళ్లు హైదరాబాదుకు, అనంతపురం వాళ్లు బెంగళూరుకు పోతారు, రెండూ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. కడప వాళ్లు తిరుపతికో వేలూరుకో పోతారు. ఒకచోట చేసిన పరీక్షల రిపోర్టులు ఇంకోచోటికి ప్లాస్టిక్ కవరులో పోతాయి, దారిలో ఒక కాగితం పోతే పరీక్ష మళ్లీ మొదటి నుంచి. బెంగళూరులో రాసిన మందు ఊళ్లో వేరే కంపెనీ పేరుతో దొరికితే రెండూ కలిపి వేసుకునేవాళ్లున్నారు.

ఆ పనికి దగ్గరగా ఉన్న ఉద్యోగాలు

ఊరి స్థాయిలో చూస్తే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్ పోస్టు అన్నిటికన్నా దగ్గర. గ్రామ క్లినిక్‌లో కూర్చుని 30 ఏళ్లు దాటినవాళ్లందరికీ బీపీ, షుగర్ చూడటం, మందులు మానేసినవాళ్లని వెతికి పట్టుకోవడం, పైకి రిఫర్ చేసి తిరిగొచ్చాక చూసుకోవడం. బీఎస్సీ సిలబస్‌లోనే దీనికి శిక్షణ కలిపేశారు, కేంద్రం మార్గదర్శకాల్లో నెలకు 25,000 రూపాయల జీతం, 15,000 దాకా ప్రోత్సాహకం అని ఉంది. కాంట్రాక్టు ఉద్యోగం కావడం దీని పెద్ద లోపం. అయినా పేషెంటుని పేరుతో గుర్తుపెట్టుకుని నెలల తరబడి వెంట ఉండే పని ఇంతగా నేర్పేది ఇంకోటి లేదు.

టీబీ కార్యక్రమం కూడా అలాంటిదే. ప్రతి పేషెంటు పేరు ప్రభుత్వ టీబీ వెబ్‌సైటు నిక్షయ్ పోర్టల్‌లో ఉంటుంది, మందు మధ్యలో ఆపితే తెలుస్తుంది, పోషకాహారానికి నెలకు 1,000 రూపాయలు ఖాతాలో పడతాయి. అనంతపురం వైపు ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే బత్తలపల్లి ఆసుపత్రిలో హెచ్‌ఐవీ, టీబీ పేషెంట్లను ఏళ్ల తరబడి వెంబడించి చూసుకునే పద్ధతి ఉంది. కేస్ మేనేజ్‌మెంట్ అన్న పేరు వాడకపోయినా పని స్వభావం అదే.

ఆరోగ్యమిత్ర నోటిఫికేషన్లకు ఫార్మసీ వాళ్లతో పాటు బీఎస్సీ నర్సింగ్ వాళ్లూ అర్హులుగా ఉంటూ వచ్చారు. వార్డు తెలిసిన మనిషి ఆ బల్ల దగ్గర కూర్చుంటే అడిగే ప్రశ్నలే మారతాయి. పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లో డిశ్చార్జి కోఆర్డినేటర్, ఇన్సూరెన్స్ డెస్క్, క్యాన్సర్ విభాగంలో పేషెంట్ కోఆర్డినేటర్ పోస్టులున్నాయి. అవయవ మార్పిడి చేసే ఆసుపత్రిలో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ ఉండాలని చట్టమే చెబుతుంది, 2014 నిబంధనల ప్రకారం నర్సు దానికి అర్హురాలు. ఇవన్నీ ఎక్కువగా హైదరాబాదు, బెంగళూరులో దొరుకుతాయి. ఇల్లు వదలక తప్పదు.

అమెరికా దాకా వెళ్లేవాళ్లకి

అక్కడ ముందు ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష పాసై రిజిస్టర్డ్ నర్సు అవ్వాలి, పరీక్ష హైదరాబాదు, బెంగళూరుల్లోనే రాయొచ్చు. వీసా మాత్రం పరీక్ష పాసైనంత సులువు కాదు, నర్సులు వెళ్లే ఈబీ-3 గ్రీన్‌కార్డు వరుసలో భారతీయులకు ఏళ్ల తరబడి నిరీక్షణ. వెళ్లినా మొదట దొరికేది వార్డు ఉద్యోగమే. కేస్ మేనేజ్‌మెంట్ సర్టిఫికేషన్లలో సీసీఎం (సర్టిఫైడ్ కేస్ మేనేజర్) ఒకటి, దానికి లైసెన్సుతో పాటు ఆ పనిలోనే ఒక ఏడాది నుంచి రెండేళ్ల అనుభవం అడుగుతారు. అమెరికాలో నర్సులకు సర్టిఫికేషన్లు ఇచ్చే ఏఎన్‌సీసీ సంస్థ ఇచ్చేదానికి నర్సుగా రెండేళ్లు, గత మూడేళ్లలో కేస్ మేనేజ్‌మెంట్‌లో 2,000 గంటలు ఉండాలి. అంటే పని చేసినవాళ్లకే సర్టిఫికెట్, సర్టిఫికెట్ కొనుక్కుని పనిలోకి పోయే వీలు లేదు. మూడు నెలల ఆన్‌లైన్ కోర్సుతో కేస్ మేనేజర్ అయిపోతారని ఎవరైనా డబ్బు అడిగితే ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు.

ఇంగ్లండ్, జర్మనీ, గల్ఫ్ దేశాలకు దారులు వేరు, వాటికి భాషా పరీక్షలే మొదటి గేటు. అక్కడ కూడా మొదటి కొన్నేళ్లు మంచం పక్కనే.

ఇప్పటి నుంచి చేసుకోదగ్గవి

వార్డులో ఉన్నవాళ్లు ఈ పనిని పోస్టు వచ్చేదాకా ఆపుకోనక్కర్లేదు. డిశ్చార్జి చేసేటప్పుడు మందులు ఎవరు ఇస్తారు, ఇన్సులిన్ ఎక్కడ పెడతారు, రివ్యూకి ఎలా వస్తారు అని అడిగి కేస్ షీటులో ఒక లైను రాసి సంతకం పెట్టడం అలవాటైతే అదే అనుభవం. ఇంటర్వ్యూలో వార్డులో చేశాను అని చెప్పేవాళ్లకీ, డయాబెటిక్ ఫుట్ పేషెంట్లకు డిశ్చార్జి టీచింగ్ చేసేదాన్ని, ఇదిగో ఇలా అని చెప్పేవాళ్లకీ చాలా తేడా ఉంటుంది. ఎక్సెల్ వాడటం, ఇంగ్లీషులో పేషెంటు పరిస్థితి అర పేజీలో రాయడం కూడా ఇప్పుడే పట్టుబడాలి, ఎందుకంటే కోఆర్డినేటర్ ఉద్యోగాల్లో మొదట పరీక్షించేది వీటినే.

ఉద్యోగం మారేటప్పుడు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో చేరిన తేదీ, వదిలిన తేదీతో పాటు పనిచేసిన వార్డుల పేర్లు, ఆసుపత్రిలో పడకల సంఖ్య రాయించుకోవాలి. నార్సెట్‌కి జీఎన్‌ఎం వాళ్లను పడకల సంఖ్యే అడుగుతారు, విదేశీ ఏజెన్సీలు వార్డుల పేర్లు అడుగుతాయి. ఆసుపత్రి మూతపడ్డాకో మేనేజ్‌మెంట్ మారాకో పోయి అడిగితే ఆ కాగితం దొరకడం కష్టం.